దురదకు కారణం తెలిస్తేనే సరైన మందు
(పలాస, టెక్కలి, ఉద్దానం ప్రజల కోసం అలర్జీ లక్షణాలు, పరీక్షల గురించి)





వైద్య సహాయం కోరుతూ వచ్చే అర్జీల్లో గుండె, కిడ్నీ, ఆపరేషన్ అనే మాటలు కనిపిస్తాయి. దురద, తుమ్ములు, చేతుల పగుళ్లు, రాత్రి పూట ఆయాసం అని రాసి అర్జీ పెట్టేవారు ఉండరు. వీటికి ఎవరూ సహాయం అడగరు. మందుల షాపుకు వెళ్లి రెండు మాత్రలు, ఒక ట్యూబు తెచ్చుకుంటారు. తగ్గకపోతే ఊళ్లో వైద్యం చేసే ఆయన దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించుకుంటారు. నాలుగు రోజులు తగ్గుతుంది, ఐదో రోజు మళ్లీ మొదలు. ఇలా ఏళ్లు గడుస్తాయి. చేతులు పనికి రాకుండా పోయిన రోజున కూలీ పోతుంది. అప్పుడు గాని అది జబ్బు అని ఇంట్లోవాళ్లకు అనిపించదు.

మన ప్రాంతానికి ఈ విషయం మరీ ముఖ్యం. పలాస, కాశీబుగ్గల్లో వందల సంఖ్యలో జీడి పరిశ్రమలున్నాయి. వాటిలో పనిచేసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఉద్దానం అంతా జీడి, కొబ్బరి తోటలు. తీరంలో చేపలు, రొయ్యల పని. వీటితో పాటు ఉద్దానం ప్రజలను ఏళ్లుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బు ఉంది. అలర్జీకి, కిడ్నీకి ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. ఆ సంగతి కింద వివరంగా చెబుతాను.

ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందు ఉంచాడనీ, కనుక వైద్యం చేయించుకోవాలనీ దైవప్రవక్త (స) మనకు బోధించారు. మందు దొరకాలంటే ముందు కారణం తెలియాలి. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

అలర్జీ అంటే ఏమిటి?

మన శరీరంలో రోగాలతో పోరాడే రక్షణ వ్యవస్థ ఉంది. క్రిములను శత్రువులుగా గుర్తించి తరిమేయడం దాని పని. కొందరిలో అది ఏ హానీ చేయని వస్తువును కూడా శత్రువు అనుకుని పోరాటం మొదలుపెడుతుంది. దుమ్ము, పుప్పొడి, రొయ్య, జీడిపప్పు, గోరింటాకులో కలిపిన రంగు, ఏదైనా కావచ్చు. ఆ పోరాటం వల్ల వచ్చే బాధలనే అలర్జీ అంటారు. ఈ పేరును 1906లో ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే పెట్టాడు.

పేరు కొత్తదే గాని జబ్బు పాతది. వెయ్యేళ్ల కిందటే మహావైద్యుడు అబూబకర్ అల్ రాజీ దీని మీద రాశారు. అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడికి వసంతకాలంలో గులాబీల వాసన పీల్చినప్పుడల్లా ముక్కు కారడం ఎందుకు మొదలవుతోందో వివరిస్తూ ఆయన ఒక చిన్న గ్రంథమే రచించారు. ఏ కాలంలో వస్తోంది, దేని దగ్గరకు వెళితే వస్తోంది అని చూడడం నేటికీ అలర్జీ వైద్యానికి మొదటి మెట్టు.

అలర్జీలో ముఖ్యంగా రెండు రకాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది వెంటనే వచ్చేది. తిన్న, పీల్చిన, కుట్టిన కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు మొదలవుతుంది. ఒంటి మీద దద్దుర్లు, పెదవులు, కనురెప్పల వాపు, వరుస తుమ్ములు, కళ్ల దురద, పిల్లికూతలు, వాంతులు దీని గుర్తులు. రక్తంలో ఐజీఈ అనే పదార్థం దీనికి కారణం. 1966లో జపాన్‌కు చెందిన ఇషిజాకా దంపతులు దీనిని కనుగొన్నారు.

రెండోది ఆలస్యంగా వచ్చేది. చర్మానికి వస్తువు తగిలిన ఒకటి రెండు రోజుల తరువాత ఎర్రబడడం, నీటి పొక్కులు, రసి కారడం, తరువాత చర్మం మందంగా మారి పగలడం. ఇందులో ఐజీఈ పాత్ర లేదు. రక్తకణాల్లోని మరో రకం పనిచేస్తుంది. బాధ రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, దేనివల్ల వచ్చిందో మనిషికి తట్టదు. మొన్న తగిలినదాన్ని వదిలేసి ఈ రోజు తిన్న వంకాయను తప్పుపడతాడు.

ఈ రెండు రకాలకూ పరీక్షలు వేరు. ఇది తెలియక తప్పు పరీక్షకు డబ్బు పోసేవారు చాలామంది ఉన్నారు.

మన ప్రాంతపు ప్రత్యేక సమస్య: జీడి రసం

జీడిపిక్క తొక్కలో తేనెపట్టు గదుల్లాంటి అరలుంటాయి. వాటి నిండా నల్లటి, కారం లాంటి రసం. అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనేవి దానిలోని ముఖ్య పదార్థాలు. రంగులు, వార్నిష్‌లు, వాహనాల బ్రేకులు తయారుచేసే పరిశ్రమలకు ఈ నూనె విలువైన సరుకు. మనిషి చర్మానికి మాత్రం శత్రువు.

ఇది చర్మానికి రెండు విధాలుగా హాని చేస్తుంది. ఒకటి, కాల్చడం. పచ్చి రసం ఎవరికి తగిలినా చర్మం మాడి నల్లబడి పొర ఊడుతుంది. ఇది అలర్జీ కాదు, యాసిడ్ పడ్డట్టు. రెండోది నిజమైన అలర్జీ. ఇది అందరికీ రాదు. నెలలో, ఏళ్లో పనిచేసిన తరువాత కొందరి శరీరం ఆ రసాన్ని శత్రువుగా ముద్ర వేసుకుంటుంది. ఆ తరువాత ఇసుమంత తగిలినా పొక్కులు వస్తాయి. చేతికే పరిమితం కాదు. ఆ చేయి తగిలిన కనురెప్పలకు, మెడకు, పొట్టకు పాకుతుంది. పని బట్టలతో ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకుంటే బిడ్డకూ దద్దు రావచ్చు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, కాలినదానికి జాగ్రత్త, చేతి తొడుగు చాలు. అలర్జీ స్థిరపడితే మాత్రం పని విభాగమే మార్చుకోవలసి రావచ్చు.

జీడిమామిడి, మామిడి, నల్లజీడి, పిస్తా అన్నీ ఒకే కుటుంబపు చెట్లు. జీడి రసం పడనివారికి మామిడికాయ సొన తగిలినా, తొక్కతో సహా పండు కొరికినా మూతి చుట్టూ పొక్కులు రావడానికి కారణం ఇదే. చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టడానికి నల్లజీడి వాడేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో ఉన్న విదేశీ సైనికులకు మెడ దగ్గర, నడుము దగ్గర వింత దద్దుర్లు వస్తే, ఆ చాకలి గుర్తే కారణమని 1943లో వైద్యులు తేల్చారు. 1982లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక పిల్లల క్రీడా సంఘం విరాళాల కోసం అమ్మిన జీడిపప్పు తిని 54 మందికి దద్దుర్లు వచ్చాయి. పప్పులో తొక్క ముక్కలు కలిసిపోవడమే కారణం. జీడి రసం ఎంత దూరం వెళ్లినా తన గుణం పోగొట్టుకోదు.

పరిశ్రమలో ఏ పని చేస్తున్నారో చెప్పడం డాక్టరుకు చాలా ఉపయోగపడుతుంది. కటింగ్ మీద కూర్చునేవారికి రసం చేతికి తగులుతుంది. బాయిలింగ్, కాల్చే చోట ఉండేవారికి పొగ, ఆవిరి వల్ల కళ్ల మంట, దగ్గు. పీలింగ్, గ్రేడింగ్ చేసేవారికి పప్పు పొర దుమ్ము వల్ల తుమ్ములు, దగ్గు, ఆయాసం. "జీడి పనికి వెళ్తున్నాను" అని మాత్రమే చెబితే సగం సమాచారమే చెప్పినట్టు.

జాగ్రత్తలు తెలిసినవే. పనికి ముందు చేతికి ఆముదమో వంట నూనెో పట్టించడం, బూడిద అద్దుకోవడం మన అక్కచెల్లెళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే. అది కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. చేతికి సరిపోయే రబ్బరు తొడుగు మేలు. చిరిగినా, లోపలికి నూనె ఇంకినా వెంటనే మార్చాలి. లోపల రసం చేరిన తొడుగు అసలు తొడుగు లేనిదానికంటే చెడ్డది. పని అయ్యాక కిరసనాయిలుతో కాకుండా సబ్బు నీళ్లతో కడగాలి. పని బట్టలు వేరుగా ఉతకాలి.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. కేజీల లెక్కన కూలీ ఇచ్చే పనిలో తొడుగు వేసుకుంటే చేయి నెమ్మదిస్తుంది. చేయి నెమ్మదిస్తే కూలీ తగ్గుతుంది. అందుకే తొడుగులు ఉన్నా కొందరు వేసుకోరు. ఇది వారి నిర్లక్ష్యం అని తేలిగ్గా అనేయడం న్యాయం కాదు.

మరో మాట. పగిలిన చేతులతో రోజుకు ఐదుసార్లు వుజూ చేసే అక్కలకు నీళ్లు తగిలినకొద్దీ పగుళ్లు పెరుగుతాయి. వుజూ అయ్యాక చేతులు మెత్తని గుడ్డతో అద్దుకుని, వెంటనే కొబ్బరినూనె గాని, వాసన లేని పెట్రోలియం జెల్లీ గాని రాసుకుంటే చాలా తేడా కనిపిస్తుంది. నీటి వల్ల హాని ఎక్కువగా ఉందని డాక్టరు చెబితే తయమ్ముమ్ విషయం ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

తినేవాటిలో అలర్జీ

చేతికి జీడి రసం పడకపోవడం వేరు, నోటికి జీడిపప్పు పడకపోవడం వేరు. కటింగ్‌లో చేతులు పాడైన మనిషి శుభ్రం చేసిన పప్పును సాధారణంగా తినగలదు. కానీ పప్పు తినగానే పెదవులు ఉబ్బి, గొంతు బిగుసుకునే మనిషికి ఉన్నది మొదటి రకం అలర్జీ. ఇది ప్రాణం మీదకు తేగలదు. చాలా కొద్ది పప్పుకే తీవ్రంగా రావచ్చు. జీడిపప్పు పడనివారిలో చాలామందికి పిస్తా కూడా పడదు.

మన ఇళ్లలో షీర్ ఖుర్మాలో జీడిపప్పు, పిస్తా ఉంటాయి. ఖుర్మాలో, కొన్ని బిర్యానీల్లో జీడిపప్పు రుబ్బి కలుపుతారు, కంటికి కనబడదు. ఇఫ్తార్ విందులకు, నికాహ్ వలీమాలకు వండించేవారు ఏ వంటలో పప్పులు వేశారో వడ్డించే పిల్లలకు చెప్పి ఉంచితే చాలు. ఎవరైనా "నాకు పడదు" అంటే "ఒక్క స్పూను తిను, ఏం కాదు" అని బలవంతం చేయకండి. ప్యాకెట్ ఆహారం మీద అలర్జీ కలిగించే పదార్థాల వివరం తప్పనిసరిగా ముద్రించాలని 2020 నాటి ఆహార లేబుల్ నిబంధనలు చెబుతున్నాయి. అది చదివే అలవాటు చేసుకోవాలి.

తీరంలో రొయ్యలు, పీతల అలర్జీ కనిపిస్తుంది. ఉడికించినా దాని గుణం పోదు. అయితే చేప తిన్నాక ముఖం ఎర్రబడి, దద్దుర్లు వచ్చిన ప్రతిసారీ అలర్జీ అనుకోనక్కర లేదు. సూర లాంటి చేపలను ఐసు లేకుండా ఎండలో ఉంచితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుని అచ్చం అలర్జీ లాంటి బాధనే కలిగిస్తుంది. ఒకే చేప తిన్న నలుగురికీ వస్తే తప్పు చేప నిల్వది. ఒక్కరికే, తిన్న ప్రతిసారీ వస్తే అలర్జీ అని అనుమానించాలి.

మెహందీ, జుట్టు రంగు, అత్తరు

పండగకు పెట్టుకునే అసలు గోరింటాకు ఎర్రగా పండుతుంది. అది పడనివారు బహు అరుదు. గంటలో నల్లగా పండే "బ్లాక్ మెహందీ"లో మాత్రం జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలిసి ఉండవచ్చు. అది కొందరికి ఆ డిజైను ఎలా ఉందో అలాగే చర్మం మీద పొక్కులు లేపుతుంది. పండగ వెళ్లిన కొన్ని రోజులకు గాని బయటపడదు. అంతకంటే పెద్ద చిక్కు తరువాత వస్తుంది. చిన్నప్పుడు మెహందీతో ఈ అలర్జీ తెచ్చుకున్న పిల్ల, ఎన్నో ఏళ్లకు జుట్టుకు రంగు వేసుకుంటే ముఖం అంతా వాచిపోవచ్చు. గడ్డానికి రంగు వేసుకునే పెద్దలకు చెంపల మీద, మెడ మీద నల్లటి మచ్చలు, దురద వస్తే ఆ రంగునే అనుమానించాలి.

మణికట్టు మీద, చెవుల వెనుక, మెడ మీద మాత్రమే దురద ఉంటే అత్తరు, సెంటు ఆపి చూడండి. చెవి తమ్మెలకు దురద ఉంటే గిల్టు నగల్లోని నికెల్, తాపీ పనివాళ్ల చేతులకైతే సిమెంటులోని క్రోమియం కారణం కావచ్చు. పొలం గట్ల మీద, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ మొక్క గాలితోనే ముఖానికి, మెడకు, మోచేతుల మడతలకు దద్దు తెస్తుంది. బట్ట కప్పిన చోట లేకుండా, గాలి తగిలే చోటే దద్దు ఉండడం దీని గుర్తు.

ప్రతి దురదా అలర్జీ కాదు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన భాగం.

రాత్రి పూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో, నడుము దగ్గర పొక్కులుండి, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే అది గజ్జి. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు వాడితే తగ్గుతుంది. గజ్జలలో, నడుము చుట్టూ గుండ్రంగా అంచు కట్టి పాకుతుంటే అది తామర. ఈ రెండింటికీ చాలామంది అలర్జీ ట్యూబు రాస్తారు. ఆ ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటే దురద ముందు తగ్గి, జబ్బు లోలోపల పెరిగి మొండిబారుతుంది.

ఉద్దానంలో మూడో కారణాన్ని ఎప్పుడూ మరవకూడదు. చర్మం మీద ఏ పొక్కూ లేకుండా ఒళ్లంతా దురద ఉంటే, చర్మం పొడిబారితే, ఆకలి తగ్గి నీరసంగా ఉంటే, కిడ్నీ పని తగ్గిందేమో చూడాలి. పొద్దున లేవగానే కళ్ల కింద వాపు ఉంటే అది కూడా అలర్జీ కాకపోవచ్చు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకోవడం చిన్న పరీక్షలు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఎవరికి ఎక్కువ కాలం దురద ఉన్నా ముందు ఈ రెండూ చేయించుకోవడం తెలివైన పని.

కిడ్నీ, బీపీ జబ్బులకు మందులు వాడేవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు కొందరికి పొడి దగ్గు, అరుదుగా పెదవులు, నాలుక వాపు తెస్తాయి. నొప్పి మాత్రలు కొందరికి దద్దుర్లు, ఆయాసం తెస్తాయి, కిడ్నీకీ చెరుపు చేస్తాయి. దురదకు వాడే సిట్రిజిన్ మాత్ర కూడా కిడ్నీ పని తగ్గినవారికి తక్కువ మోతాదులో ఇవ్వాలి. అందుకే "నాకు కిడ్నీ ఉంది" అన్న మాట దాచకుండా చెప్పాలి. బీపీ మాత్ర మీద అనుమానం వస్తే సొంతంగా ఆపకుండా వెంటనే డాక్టరును కలవాలి. నాలుక వాస్తే మాత్రం ఆలస్యం లేకుండా ఆసుపత్రికే వెళ్లాలి.

పరీక్షకు ముందు ఒక నోటు పుస్తకం

ఏ పరీక్షకైనా ముందు రెండు మూడు వారాలు ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. బాధ ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏం తిన్నారు, ఏం పని చేశారు, కొత్తగా ఏ సబ్బు, ఏ మందు వాడారు, సెలవు రోజుల్లో తగ్గిందా. వచ్చిన దద్దును ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి, డాక్టరు దగ్గరకు వెళ్లేసరికి అది మాయమై ఉంటుంది. శుక్రవారం పెరిగి ఆదివారం తగ్గే దగ్గు తనే పని పేరు చెబుతుంది. చదువు రాని తల్లికి ఇంట్లో చదువుకున్న పిల్లలు ఈ సేవ చేయవచ్చు.

పరీక్షలు ఎన్ని రకాలు?

చర్మం మీద గుచ్చి చూసే పరీక్ష: మొదటి రకం అలర్జీకి. ముంజేతి మీద దుమ్ము, పుప్పొడి, పప్పులు, రొయ్యలు వంటి వాటి చుక్కలు వేసి సన్నటి సూదితో పైపైన గుచ్చుతారు. 15 నుంచి 20 నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. పడనిది ఉన్న చోట దోమ కుట్టినట్టు ఉబ్బుతుంది. ఉత్తి ఉప్పునీటి చుక్క కంటే 3 మి.మీ. లేదా అంతకు మించి ఉబ్బితే గుర్తింపుగా తీసుకుంటారు. ఈ పరీక్షకు ముందు దాదాపు వారం రోజులు డాక్టరును అడిగి సిట్రిజిన్ వంటి మాత్రలు ఆపాలి. లేకపోతే నిజమైన అలర్జీ కూడా బయటపడదు. ఆయాసం అదుపులో లేనివారికి ఇది చేయరు. తీవ్రమైన రియాక్షన్ వస్తే వైద్యం చేయగల చోటనే చేయించుకోవాలి.

రక్త పరీక్ష: ఒక్కొక్క పదార్థానికి విడిగా ఐజీఈ ఎంత ఉందో చూస్తారు. మాత్రలు ఆపనక్కర లేదు. చర్మం అంతా పాడైనవారికి, మందులు ఆపలేనివారికి ఇది మేలు. "మొత్తం ఐజీఈ" ఒక్కటే చేయించి ఎక్కువ వచ్చింది కాబట్టి అలర్జీ అని తేల్చేయకూడదు. కడుపులో నులిపురుగులున్నా, ఇతర పరాన్న జీవుల వల్లా అది పెరుగుతుంది.

వీపు మీద అతికించే పరీక్ష: రెండో రకం అలర్జీకి ఇదే సరైనది. 1895లో జర్మన్ వైద్యుడు యోసెఫ్ యాడసోన్ దీనిని మొదలుపెట్టాడు. అనుమానించిన పదార్థాలను తగిన పాళ్లలో కలిపి చిన్న బిళ్లలుగా వీపు మీద అతికిస్తారు. 48 గంటలు ఉంచి తీసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజుల తరువాత ఇంకోసారి చూస్తారు. అంటే వారంలో మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లాలి. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. వుజూకు ఇబ్బంది లేదు గాని గుస్ల్ విషయం ముందే ఆలోచించి తేదీ పెట్టుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే చెప్పాలి. ఒక హెచ్చరిక: పచ్చి జీడి రసాన్ని తెచ్చి సొంతంగా చర్మం మీద రాసి "పరీక్ష" చేసుకోకండి. అది ఎవరి చర్మాన్నైనా కాలుస్తుంది, దానివల్ల ఏమీ తేలదు.

ఊపిరి పరీక్ష: ఆయాసం, పిల్లికూతలు ఉన్నవారికి స్పైరోమెట్రీ చేస్తారు. పని వల్లనేనా అని తేల్చడానికి పీక్ ఫ్లో మీటరు అనే చిన్న గొట్టంలో రోజుకు నాలుగైదు సార్లు ఊది, పని రోజుల్లో, సెలవు రోజుల్లో అంకెలు రాసుకుంటే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఒకటి, పరీక్షలో వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. తింటే ఏ బాధా లేని పదార్థం పరీక్షలో వచ్చిందని మానేయనక్కర లేదు. వంద, రెండు వందల పదార్థాలకు ఒకేసారి చేసే ప్యాకేజీలు చూసి, పిల్లలకు పాలు, గుడ్లు, పప్పులు అన్నీ మాన్పించి బలహీనపరచకండి. రెండు, ఆహార అలర్జీకి ఐజీజీ పరీక్ష పనికిరాదు. ఐజీఈ వేరు, ఐజీజీ వేరు. ఒక్క అక్షరం తేడాతో డబ్బు వృథా అవుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, లేదా పలాస, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రి. గజ్జి, తామర, కిడ్నీ సంగతి అక్కడే తేలుతుంది. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉండడం కిడ్నీ అనుమానం ఉన్నవారికి పెద్ద ఊరట. చర్మవ్యాధుల నిపుణుల కోసం శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖపట్నం కేజీహెచ్ ఉన్నాయి. ఇచ్ఛాపురం వైపు వారికి బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. వీపు పరీక్ష ఏ రోజుల్లో చేస్తారో ముందే ఫోనులో కనుక్కుని వెళితే ఒక రోజు కూలీ, రైలు ఖర్చు మిగులుతాయి. ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికులు డిస్పెన్సరీ ద్వారా వెళ్లాలి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

తిన్న తరువాత, మందు వేసుకున్న తరువాత, కందిరీగ కుట్టిన తరువాత దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, గొంతు మారడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం, పదేపదే వాంతులు వస్తే అది ప్రాణాపాయం. 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచండి. ఆయాసంగా ఉంటే కాళ్లు చాపి కూర్చోనివ్వండి. లేపి నడిపించకండి. దీనికి మొదటి మందు తొడ కండరానికి వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. సిట్రిజిన్, ఏవిల్ దానికి బదులు కావు. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, మళ్లీ రావచ్చు. ఒకసారి ఇలా జరిగినవారు కారణం పేరు రాసిన చీటీ ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి.

దాతలకు విన్నపం

ఈ సమస్యకు లక్షల రూపాయలు అక్కర లేదు. శ్రీకాకుళమో విశాఖో వెళ్లి రావడానికి ఛార్జీలు, వీపు పరీక్షకు వెళ్లిన మూడు రోజుల కూలీ నష్టం, కొన్ని జతల మంచి తొడుగులు, ఒక పీక్ ఫ్లో మీటరు. పేద కార్మికురాలికి పరీక్ష దూరం కావడానికి కారణం దాని ఖరీదు కంటే ఈ కూలీ నష్టమే. ఆ మూడు రోజుల కూలీ మనం ఇస్తే ఆమె పరీక్షకు వెళుతుంది. కారణం తేలితే కటింగ్ నుంచి గ్రేడింగ్‌కు మారగలదు. చేతులు బాగుపడితే ఆ ఇల్లు నిలబడుతుంది.

అర్హులైన వ్యక్తికి నేరుగా చేరే సహాయానికి జకాత్, అవగాహన శిబిరాలు, పరికరాల వంటి సామాన్య ఖర్చులకు సదఖా, లిల్లాహ్ నిధులు వాడడంలో ఉలమా సలహా తీసుకుందాం. మనలో జీడి పరిశ్రమ యజమానులు, వ్యాపారులు ఉన్నారు. వారు చందా ఇవ్వడంతో పాటు తమ ఆవరణలో గాలి బయటకు పోయే ఏర్పాటు, తొడుగులు, చేతులు కడుక్కునే సబ్బు చూస్తే, తొడుగు వేసుకున్నందుకు కూలీ తగ్గకుండా చూస్తే, అది వారి చేతి కింద పనిచేసేవారి హక్కు తీర్చినట్టవుతుంది. ఈ సహాయం పొందేవారు మన మతం వారే కానక్కర లేదు. పొరుగువారి హక్కు గురించి మన ధర్మం ఎంత గట్టిగా చెప్పిందో మీకు తెలియనిది కాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసినప్పుడు ఈ ప్రాంతం మళ్లీ లేచి నిలబడింది చేతుల కష్టంతోనే. ఆ చేతులు పగలకుండా, ఆ ఊపిరి ఆడేలా చూసే పనిలో మన వాటా మనం అందిద్దాం. అల్లాహ్ రోగులకు స్వస్థతను, దాతలకు బరకత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.